రానివాళ్ళ లెక్క: వ్యసనం మీద పరిశోధన చేయాలనుకునేవాళ్ళకి

నా మొదటి పేపర్ డ్రాఫ్టు చూసి మా స్టాటిస్టిక్స్ మాస్టారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మిగతావాళ్ళు ఏమయ్యారమ్మా?"

తాగుడు మానాలనుకునేవాళ్ళకి ఒక మందు ఇచ్చి పన్నెండు వారాలు చూసిన చిన్న ట్రయల్ అది. చివరిదాకా వచ్చినవాళ్ళ ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. గ్రాఫు గీసి రంగులు కూడా వేసుకున్నాను. ఆయన గ్రాఫు వైపు చూడనే లేదు. మొదటి వారం ఎంతమంది, చివరి వారం ఎంతమంది అని రెండు అంకెలు పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసి కాయితం నా వైపు తోశారు. సగం మంది కూడా మిగల్లేదు. "వీళ్ళు వచ్చారు కాబట్టి బాగుపడ్డారా, బాగుపడ్డారు కాబట్టి వచ్చారా?" అన్నారు. నోట మాట రాలేదు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో నేను చాలా ప్రాజెక్టులు చేశాను గానీ, తిప్పితిప్పి చూస్తే అన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ నన్ను కలుస్తుంటారు. అందరికీ అవే మాటలు చెప్పి చెప్పి, ఈసారి ఒక వరసలో రాసి పెడదామని కూర్చున్నాను. వరసలో వస్తుందన్న నమ్మకం నాకే లేదు.

ఏ తలుపులోంచి రావాలి

మొదట అడిగేది ఇదే: మెదడు వైపు వెళ్ళాలా, మనుషుల వైపు వెళ్ళాలా? న్యూరోసైన్స్, ఫార్మకాలజీ చదివినవాళ్ళు ఎక్కువగా ఎలుకల ల్యాబ్‌లో తేలతారు. సైకియాట్రీ, సైకాలజీ, నర్సింగ్, సోషల్ వర్క్ చదివినవాళ్ళు క్లినిక్‌లో తేలతారు. స్టాటిస్టిక్స్ బాగా వచ్చినవాళ్ళ కోసం రెండు వైపులా కాచుకుని కూర్చుని ఉంటారు.

పొట్టకూటికి ఏదో ఒకటి ఎంచుకోండి. కానీ పీహెచ్‌డీ మొదటి రెండేళ్ళలోనే రెండో వైపు ఆర్నెల్లు ఉండి రండి. ల్యాబ్ వాళ్ళు డీటాక్స్ వార్డులో (మత్తు ఆపిన తొలిరోజులు పేషెంట్లని చూసుకునే చోట), క్లినిక్ వాళ్ళు ఎలుకల గదిలో. నేను నాలుగేళ్ళు కొకైన్ మీద పని చేసి, కొకైన్ వాడే మనిషిని ఒక్కరిని కూడా చూడకుండా డాక్టరేట్ తెచ్చుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

హెరాయిన్‌కి బదులు మెథడోన్ అనే, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు ఇచ్చే చికిత్స ఎలా మొదలైందో చూడండి. 1964లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థలో ముగ్గురు కలిశారు. విన్సెంట్ డోల్ జీవక్రియల మీద పరిశోధన చేసే డాక్టర్. మేరీ నిస్వాండర్ హెరాయిన్ వాడేవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసి, ఒట్టి మాటలతో మాన్పించడం కుదరట్లేదని తెలుసుకున్న సైకియాట్రిస్ట్. మేరీ జీన్ క్రీక్ అప్పటికింకా శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు. మార్ఫిన్ ఇచ్చినంత కాలం పేషెంట్లకి తర్వాతి డోసు ఎప్పుడన్నదే ధ్యాస. మెథడోన్‌కి మార్చాక ఒకతను బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. ఇంకొకతను ఆగిపోయిన చదువు గురించి అడిగాడు. 1965లో 22 మంది పేషెంట్లతో వాళ్ళ పేపర్ వచ్చింది. మందు ఒంట్లో ఎంతసేపు నిలబడుతుందో లెక్క కట్టే మనిషీ, పేషెంటు బొమ్మలు వేస్తున్నాడని పట్టించుకునే మనిషీ ఒకే గదిలో ఉండడం అన్నిసార్లూ జరగదు. మీరు చేరబోయే చోట అలాంటి గది ఉందో లేదో ముందే చూసుకోండి. ర్యాంకింగులూ భవనాలూ తర్వాత.

ముందు ఏం చదవాలి

మెదడు కణాల మధ్య కబురు మోసే డోపమైన్ అంటే 'ఆనంద రసాయనం' అన్న మాటని బుర్రలోంచి తీసేయండి. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులోకి సన్నటి తీగ దించి, మీట నొక్కితే కొద్దిపాటి కరెంటు అందేలా అమర్చారు. ఎలుక నొక్కుతూనే ఉండిపోయింది. ఇదే ఆనంద కేంద్రం అని అందరూ అనేసుకున్నారు. నొక్కుతోందంటే బాగుంటోందనేగా అర్థం? కాదు. ఆ 'కాదు' అన్న మాట గట్టిగా చెప్పడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

1993లో టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ రాసిన పేపర్‌తో మొదలుపెట్టండి. మన భాషలో చెప్పాలంటే ఇష్టం వేరు, యావ వేరు. డోపమైన్ ముడిపడి ఉన్నది ప్రధానంగా యావతో. వాడేకొద్దీ యావ ముదురుతుంది. ఇష్టం మాత్రం అంతకంత పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. మూడుసార్లు చదివినా నాకు ఇది పూర్తిగా ఎక్కలేదు. తర్వాత డీటాక్స్ వార్డులో ఒక పెద్దాయన, "తాగితే ఏం బాగుండట్లేదు తల్లీ. అయినా కాళ్ళు అటే పోతున్నాయి" అన్నాడు. అప్పుడెక్కింది.

ఆ వెంటనే 1997 నాటి వోల్ఫ్రామ్ షుల్ట్స్, పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్‌ల పేపర్. కోతికి జ్యూస్ ఇచ్చినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందిస్తాయి. జ్యూస్‌కి ముందు ఒక గుర్తు చూపిస్తూ పోతే కొన్నాళ్ళకి ఆ స్పందన జ్యూస్ దగ్గర్నుంచి గుర్తు దగ్గరికి జరుగుతుంది. గుర్తు చూపించి జ్యూస్ ఇవ్వకపోతే, సరిగ్గా అది రావలసిన క్షణంలో ఆ కణాలు మామూలు కన్నా నెమ్మదిస్తాయి. అంటే ఆ కణాలు లెక్క చూసుకుంటున్నది అనుకున్నదానికీ అందినదానికీ మధ్య ఉన్న తేడాని. మత్తుమందులు ఈ లెక్కనే తప్పుదారి పట్టిస్తాయన్నది ఒక వాదన. ప్రతిసారీ 'అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చింది' అన్న అబద్ధపు సంకేతం వెళ్తుందంటారు.

మూడోది 2001లో వచ్చిన చిన్న పేపర్. జెఫ్రీ గ్రిమ్, యవిన్ షహామ్, మరికొందరు రాశారు. కొకైన్ అలవాటైన ఎలుకలకి మందు ఆపేసి, ఒకటో రోజు నుంచి 60 రోజుల దాకా వేర్వేరు సమయాల్లో పాత గుర్తులు చూపించారు. రోజులు గడిచేకొద్దీ మీట నొక్కడం తగ్గుతుందనుకుంటాం కదా? పెరిగింది. ఈ గ్రాఫు ప్రింటు తీసి గోడకి అంటించుకోండి. నెల రోజుల డీటాక్స్ చేసి, నెల తిరగ్గానే ఫాలోఅప్ ముగించి 'విజయం' అని రాసే ట్రయళ్ళు చదివేటప్పుడు ఒకసారి దానివైపు చూడండి.

దీనికి జోడీగా జార్జ్ కూబ్ రాసినవి చదవాలి. మొదట్లో మత్తు కోసం వాడిన మనిషి తర్వాత్తర్వాత అది లేకపోతే పట్టుకునే దిగులూ చిరాకూ తగ్గించుకోవడానికి వాడతాడన్న వాదన ఆయనది. రాబిన్సన్, బెరిడ్జ్‌ల వాదనకీ దీనికీ పొంతన కుదరదని వాదించేవాళ్ళున్నారు. నా అనుభవంలో ఒకే మనిషిలో పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ కనిపిస్తాయి.

మెదడు స్కాన్ బొమ్మలతో మాత్రం జాగ్రత్త. కొకైన్ వాడేవాళ్ళలో డీ2 అనే డోపమైన్ గ్రాహకాలు (కణం మీద డోపమైన్‌ని అందుకునే చోట్లు) తక్కువగా కనిపిస్తాయని నోరా వోల్కో బృందం 1990ల్లోనే పెట్ స్కాన్లతో చూపించింది. మందు వల్ల తగ్గాయా, ముందే తక్కువ ఉన్నాయా? 2002లో కోతుల మీద వచ్చిన ఒక పని నాకు చాలా ఇష్టం. విడివిడిగా ఉన్నప్పుడు ఆ కోతుల డీ2 స్థాయుల్లో తేడా లేదు. గుంపుగా ఉంచాక పెత్తనం దక్కిన కోతుల్లో డీ2 పెరిగింది. అవి కొకైన్ కూడా తక్కువ తీసుకున్నాయి. కాబట్టి స్కాన్‌లో రంగు తగ్గిందంటే మెదడు చెడిపోయిందని రాసేముందు, ఆ మనిషి ఎవరి మధ్య ఎలా బతుకుతున్నాడో కనుక్కోండి.

ఎలుకల గదిలో

ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది.

ఎలుక తనంతట తాను మత్తుమందు తీసుకునే ప్రయోగంలో దాని మెడ దగ్గరి సిరలోకి సన్నటి గొట్టం పెడతారు. దాన్ని కాథెటర్ అంటాం. దాని రెండో కొస భుజాల మధ్య వీపు మీదకి వస్తుంది. మీట నొక్కితే పంపు తిరిగి మందు ఆ గొట్టంలోంచి నేరుగా రక్తంలోకి పోతుంది. ఆ గొట్టం మూసుకుపోకుండా రోజూ హెపరిన్ అనే, రక్తం గడ్డకట్టనివ్వని మందు కలిపిన సెలైన్ కొద్దిగా ఎక్కించాలి. నా మొదటి ఏడాదంతా పొద్దున్నే ఇదే పని. ఎలుకని తువ్వాలులో చుట్టి, ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో సిరంజి. పిస్టన్ వేలికి ఎలా తగులుతోందో గమనించడం నేర్చుకోవాలి. నీళ్ళలా జారితే సరే. కొద్దిగా బిగిసినా నోట్‌బుక్‌లో రాయాలి.

రాయలేదు. పరీక్షిస్తున్న ఒక కొత్త మందు ఇచ్చాక ఒక ఎలుక మీట నొక్కడం వారం రోజుల్లో బాగా తగ్గిపోయింది. పరుగెత్తుకెళ్ళి మా గైడ్‌కి చెప్పాను. మందు పనిచేస్తోందని ఆయనా సంబరపడ్డారు. ఆ గదిలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. నన్ను "పాపా" అని పిలిచేవాడు. "పాపా, గొట్టం చూశావా?" అన్నాడు. చూడడమంటే, క్షణాల్లో పనిచేసే మత్తు ఇంజక్షన్ కొద్దిగా ఆ గొట్టంలోంచే ఎక్కిస్తారు. గొట్టం బాగుంటే మూడు నాలుగు సెకన్లలో ఎలుక గుడ్డముక్కలా వాలిపోతుంది. ఎక్కించాను. మూడు సెకన్లు, పది సెకన్లు, అర నిమిషం. ఎలుక నిక్షేపంగా నిలబడి నా గ్లవ్ వాసన చూస్తోంది.

వారం నుంచీ దానికి మందే అందట్లేదు. ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాకపోతే ఎవరైనా ఏం చేస్తారు? మానేస్తారు. ఇంకో సంగతి ఆ టెక్నీషియనే చూపించాడు. రోజు మొత్తం మీద ఎన్ని నొక్కులో కాకుండా గంట గంటకీ విడదీసి చూస్తే, మొదటి రోజు నొక్కులు ఒక్కసారిగా పెరిగి ఆ తర్వాత పడిపోయాయి. మందు పనిచేసి యావ తగ్గిన ఎలుక అలా ముందు ఎగబడదు. రావలసింది రాకపోయిన ఎలుకే ఎగబడుతుంది. మొత్తం మాత్రమే రాసుకుంటే రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

గొట్టం చెడిన ఎలుకని లెక్కలోంచి తీసేయాలి, తప్పదు. కానీ ఎన్నింటిని తీశారో, ఏ గుంపులోంచి, ఎన్నో రోజున తీశారో పేపర్‌లో రాయండి. మీరు చదివే పేపర్లలో ఈ వాక్యం ఉందో లేదో వెతకండి.

ఎలుక ఏం చేసిందన్నదానితో పాటు దానికి ఏయే దారులు వదిలారన్నది కూడా చూడాలి. రోజుకి గంట మాత్రమే మందు అందే ఎలుక వాడకం స్థిరంగా ఉంటుంది. ఆరు గంటలు అందితే రోజురోజుకీ పెంచుకుంటూ పోతుంది. 1998లో సెర్జ్ అహ్మద్, జార్జ్ కూబ్ చూపించిన ఈ తేడాని గుర్తుంచుకునే ప్రయోగం వేసుకోవాలి. అదే అహ్మద్ బృందం 2007లో కొకైన్‌కీ శాకరిన్ తీపి నీళ్ళకీ మధ్య ఎంచుకోమంటే నూటికి తొంభైకి పైగా ఎలుకలు తీపి నీళ్ళవైపే వెళ్ళాయి. 2018లో మార్కో వెన్నీరో, షహామ్‌లు తోటి ఎలుకతో గడిపే వీలు కల్పిస్తే హెరాయిన్‌నీ మెథాంఫెటమిన్‌నీ పక్కనపెట్టి తోటి ఎలుకనే ఎంచుకున్నాయి. వీటికి తాతలాంటిది కెనడాలో 1970ల చివర బ్రూస్ అలెగ్జాండర్ చేసిన 'ర్యాట్ పార్క్'. విశాలమైన చోట గుంపుగా ఉన్న ఎలుకలు, ఒంటరి బోనుల్లో ఉన్నవాటికన్నా మార్ఫిన్ తక్కువ తాగాయి. దాని మీద ఉపన్యాసాలు దంచేముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. అందులో మార్ఫిన్‌ని నీళ్ళలో కలిపి తాగించారు, సిరలోకి ఇవ్వలేదు. మళ్ళీ చేసి చూసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదు.

మనుషుల్ని అడగడం

క్లినిక్‌లోకి వచ్చిన తొలిరోజుల్లో నేను అడిగిన ప్రశ్న: "పోయిన నెలలో సుమారుగా ఎంత తాగారండీ?" ఇంతకన్నా పనికిమాలిన ప్రశ్న ఉండదు. 'సుమారుగా' అని మనమే దారి చూపిస్తే ఎవరు కాదంటారు?

సోబెల్ దంపతులు తయారుచేసిన టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ అనే పద్ధతి నేర్చుకోండి. ఎదురుగా క్యాలెండర్ పెట్టి, ముందు తాగుడు ఊసెత్తకుండా పుట్టినరోజులు, జీతం రోజు, ఒంట్లో బాగోని రోజు, గొడవ పడ్డ రోజు ఇద్దరూ కలిసి గుర్తుపెట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత ఒక్కో రోజు. ఇలా నడుస్తుంది:

"సోమవారం ఏమీ లేదన్నారు కదండీ?"

"లేదమ్మా."

"జీతం వచ్చింది సోమవారమే అన్నారు."

కాసేపు క్యాలెండర్ వైపు చూస్తాడు. "రెండే. అది కూడా లెక్కలోకొస్తుందా?"

వస్తుంది. అయితే "చూశారా, మరి ఇందాక లేదన్నారే" అని మాత్రం అనకూడదు. పెన్ను తీసి '2' అని రాసుకుని మంగళవారానికి వెళ్ళిపోవాలి. మీ ముఖంలో ఏ మార్పూ కనబడకపోతే బుధవారం నిజం తనంతట తానే వస్తుంది. ఈ ముఖం అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.

మూత్ర పరీక్షలు కూడా అంతే. కప్పు మీద ఉండే ఉష్ణోగ్రత పట్టీ నాలుగు నిమిషాల్లోపు 32 నుంచి 38 డిగ్రీల మధ్య చూపించాలి. లేకపోతే అది అప్పటికప్పుడు ఇచ్చిన శాంపిల్ కాకపోవచ్చు. కొకైన్ తాలూకు ఆనవాలు సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులే దొరుకుతుంది. ఊపిరిలో మద్యం కొన్ని గంటల్లో పోతుంది. అందుకని వారానికొక శాంపిల్ తీసుకుని 'వాడలేదు' అని రాయడం కుదరదు. మాటకీ కప్పుకీ తేడా వస్తే పోలీసు అవతారం ఎత్తకండి. తేడాని అలాగే రెండు నిలువు వరసల్లో రాసుకోండి. ఫలితం ఎవరెవరికి తెలుస్తుందో, ఏ పరిస్థితిలో మీరు రహస్యం దాచలేరో సంతకం పెట్టించుకునేముందే చెప్పేయండి. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి.

వాడే పదాల గురించి చాలామంది విసుక్కుంటారు. పదం మారితే రోగం పోతుందా అంటారు. 2010లో జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ ఐదువందల మందికి పైగా మానసిక వైద్య రంగం వాళ్ళకి ఒక మనిషి గురించి ఒక పేరా ఇచ్చారు. సగం మందికి అతన్ని మత్తు దుర్వినియోగం చేసేవాడని, సగం మందికి మత్తు వాడకపు సమస్య ఉన్న మనిషని చెప్పారు. మిగతా పేరా అంతా ఒకటే. మొదటి మాట చదివినవాళ్ళు తప్పు అతనిదే అనీ, శిక్ష పడాల్సిందే అనీ ఎక్కువగా అన్నారు. వాళ్ళు చికిత్స చేసేవాళ్ళే! అందుకే మా ఫారాల్లో 'తాగుబోతు' లేదు. శాంపిల్ 'డర్టీ' అన్న మాట కూడా తీసేశాం. పాజిటివ్, నెగెటివ్ చాలు.

ప్రాణం మీదకి వచ్చేవి రెండున్నాయి. పరిశోధకులమే కదా అని వీటిని డాక్టర్లకి వదిలేయకండి. బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య తీవ్రమైన సన్నిపాతం (ఒళ్ళు వణుకుతూ మతి తప్పడం) రావచ్చు. కాబట్టి 'రేపటి నుంచి మానేసి రండి' అని ఫోన్లో చెప్పకూడదు. రెండోది ఓపియాయిడ్లు, అంటే హెరాయిన్, మార్ఫిన్ జాతి మందులు. కొన్నాళ్ళు మానేసిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. జైలు నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోసుతో చనిపోయే ప్రమాదం ఆ వయసు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉంది. మా ట్రయల్‌లోంచి ఎవరు మధ్యలో వెళ్ళిపోయినా నాలోక్సోన్ అనే, ఓపియాయిడ్ ఓవర్‌డోసుకి విరుగుడు మందు ఇచ్చి, ఎలా వాడాలో పక్కనుండే మనిషికి చూపించి పంపిస్తాం.

ట్రయల్ వేసేటప్పుడు

ఓడిపోయిన ట్రయళ్ళు చదవండి. ప్రాజెక్ట్ మ్యాచ్ అని అమెరికాలో 1,726 మందితో చేశారు. ఏ రకం మనిషికి ఏ రకం కౌన్సెలింగ్ నప్పుతుందో తేల్చాలని మూడు పద్ధతులు పోల్చారు. 1997లో ఫలితాలొచ్చాయి. మూడూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. ముందుగా రాసుకున్న జోడీలు దాదాపు ఏవీ నిలబడలేదు. దీన్ని వైఫల్యం అంటారు. నాకైతే అందులో ముచ్చటేసేది ఒకటుంది. ఫాలోఅప్‌లో తొంభై శాతానికి పైగా మనుషుల్ని వాళ్ళు వెతికి పట్టుకున్నారు. అందుకే ఆ 'తేడా లేదు' అన్న మాటని నమ్మగలుగుతున్నాం.

మందుల దగ్గర పెద్ద ఆశలు పెట్టుకోకండి, చిన్నచూపూ చూడకండి. 2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, తాగుడు మానడానికి ఇచ్చే అకాంప్రోసేట్ అనే మందు 12 మందికి ఇస్తే, అది లేకపోతే మళ్ళీ తాగేవాళ్ళలో ఒకరు ఆగుతారు. అదే పనికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ మాత్రలకి ఆ లెక్క 20. విపరీతంగా తాగడం వరకే చూస్తే దానికీ 12. బీపీ మందుల్లో ఒకరికి మేలు జరగాలంటే చాలాసార్లు ఇంతకన్నా ఎక్కువమందికి ఇవ్వాలి. ఆ లెక్కలు తెలిసినవాళ్ళు ఈ అంకెల్ని చూసి నవ్వరు.

నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికన్నా గట్టి ఫలితం మందుది కాదు. 1990ల మొదట్లో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకైన్ వాడేవాళ్ళకి నెగెటివ్ శాంపిల్ ఇచ్చినప్పుడల్లా ఒక వోచర్ ఇచ్చారు. వరసగా ఇచ్చేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. ఒకసారి పాజిటివ్ వస్తే మళ్ళీ మొదటికి. 1994 పేపర్‌లో వోచర్లు అందుకున్నవాళ్ళలో 75 శాతం మంది 24 వారాలూ పూర్తిచేశారు. వోచర్లు లేనివాళ్ళలో 40 శాతం. ముప్ఫై ఏళ్ళు దాటినా చాలా క్లినిక్కుల్లో దీని ఊసే ఉండదు. వాడకుండా ఉన్నందుకు ఎదురు డబ్బులివ్వాలా అని ముఖం చిట్లిస్తారు. తెలిసిన చికిత్స గుమ్మం దాటి ఎందుకు రావట్లేదన్నది కూడా పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్నే. ఎవరైనా తీసుకుంటే సంతోషం.

ఇక మా మాస్టారి ప్రశ్న. ట్రయల్‌లో చేర్చుకున్న ప్రతి మనిషినీ, మందు వేసుకున్నా మానేసినా, మొదట ఏ గుంపులో పెట్టారో ఆ గుంపులోనే లెక్కించండి. కనిపించకుండా పోయినవాళ్ళని ఏం చేస్తారో ట్రయల్ మొదలుకాకముందే రాసి రిజిస్టర్ చేయండి. ఈ రంగంలో చాలామంది పాటించే మోటు సూత్రం: రాకపోతే వాడినట్టే లెక్క. మా తర్వాతి ట్రయల్‌లో నేనూ అదే రాశాను. కఠినంగా ఉంటుంది కానీ కనీసం మనల్ని మనం మోసం చేసుకోం అనుకున్నాను.

కానీ రాని మనిషి ఎప్పుడూ వాడుతున్న మనిషే కాదు. లీ రాబిన్స్ పని చదివితే ఇది అర్థమవుతుంది. 1971లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల్ని ఆమె బృందం ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్ళింది. ఎంపిక చేసుకున్నవాళ్ళలో దాదాపు అందరినీ కలిసి మాట్లాడి, మూత్రం శాంపిళ్ళు కూడా తీసుకుంది. దాదాపు ఐదోవంతు మంది అక్కడ ఉన్నప్పుడు హెరాయిన్ వంటివాటికి బానిసలమయ్యామని చెప్పారు. వాళ్ళలో తిరిగొచ్చిన మొదటి ఏడాది మళ్ళీ ఆ స్థితికి వెళ్ళినవాళ్ళు 5 శాతం. చాలామంది నమ్మలేదు. క్లినిక్‌లో కూర్చునేవాళ్ళకి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళే కనిపిస్తారు. తమంతట తాము బయటపడ్డవాళ్ళకి క్లినిక్‌తో పనేముంది? ప్యాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ 1984లో దీనికి 'వైద్యుడి భ్రమ' అని పేరు పెట్టారు. 1997లో అలన్ లెష్నర్ వ్యసనం మెదడు జబ్బు అని రాసిన వ్యాసాన్ని రాబిన్స్ అంకెల పక్కన పెట్టి చదవండి. ఏదో ఒక పక్షం చేరిపోవాలన్న తొందర కాస్త తగ్గుతుంది.

వెతకడం ఎలా

ఇది ఏ కోర్సులోనూ చెప్పరు. మొదటి రోజే, మనిషి ఉత్సాహంగా ఉన్నప్పుడే, మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒకటి తనది, మిగతా రెండూ ఒకే ఇంట్లో ఉండనివాళ్ళవి. వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు ఏమని చెప్పుకోవాలో తననే అడగండి. మేము "ఆరోగ్య సర్వే నుంచి" అంటాం, వ్యసనం మాట ఎత్తం. ఏ వేళకి చేస్తే ఎత్తుతాడో రాసుకోండి.

తర్వాత ఈ ప్రశ్న అడగండి: "రేపెప్పుడైనా మళ్ళీ మొదలుపెట్టి, నాతో మాట్లాడడం ఇష్టం లేకపోతే, మీరు బాగానే ఉన్నారని నాకెలా తెలుస్తుంది?" చాలామంది నవ్వుతారు. కొందరు గంభీరమైపోతారు. ఒకావిడ, "ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేస్తాలేమ్మా" అంది. ఏడు నెలలపాటు నెలకొక మిస్డ్ కాల్ వచ్చేది. ఎనిమిదో నెల మనిషే వచ్చింది.

మళ్ళీ వాడినవాళ్ళని ట్రయల్‌లోంచి పంపేయకండి. అపాయింట్‌మెంట్ చీటీ మీదే 'వాడినా సరే, రండి' అని అచ్చు వేయించండి. ప్రయాణపు ఖర్చు పాజిటివ్ వచ్చినవాళ్ళకీ ఇవ్వండి. సిబ్బందిలో ఒకరి పని ఇదే అయి ఉండాలి. గ్రాంటు బడ్జెట్‌లో ఆ జీతం కోసం గట్టిగా కొట్లాడండి. కొత్త మెషీన్‌కి డబ్బులిచ్చేవాళ్ళు ఫోన్లు చేసే మనిషికి ఇవ్వడానికి గునుస్తారు.

గైడ్, డబ్బు, నిద్ర

గైడ్‌ని ఎంచుకునేముందు అతని పాత విద్యార్థులతో మాట్లాడండి. 'తేడా లేదు' అని వచ్చిన పని ఎన్నడైనా ప్రచురించారా అని అడగండి. ఒక దశలో నాతో పనిచేసిన ఒక సీనియర్, రెండు వారాలు కూడా రానివాళ్ళని 'అసలు చేరనట్టే' అని జాబితాలోంచి తీసేయమన్నారు. తీసేయలేదు. ఆ పేపర్‌లో నా పేరు చివరికి జరిగింది. పేరే కదా, పోనీ అనుకున్నాను గానీ, రెండేళ్ళు కడుపు మండింది.

డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూసుకోండి. మితంగా తాగితే మంచిదా కాదా అని తేల్చడానికి తలపెట్టిన ఒక భారీ ట్రయల్‌ని అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2018లో ఆపేసింది. ఆ డబ్బులో చాలా భాగం మద్యం కంపెనీలది. ఆ డబ్బు రాబట్టిన తీరు మీద, ట్రయల్ రూపకల్పన మీద అనుమానాలు తేలాయి.

మీ పేషెంట్లలో కొందరు చనిపోతారు. మొదటిసారి జరిగినప్పుడు నేను ఫారంలో ఆ గడి నింపి, తేదీ వేసి, మధ్యాహ్నం మీటింగుకి వెళ్ళిపోయాను. మూడు వారాల తర్వాత ఒక రాత్రి మేలుకుని కూర్చున్నాను, ఎందుకో తెలియదు. ఇప్పుడు మా దగ్గర ఎవరైనా పోతే ఆ మధ్యాహ్నం మీటింగులు ఉండవు. తెలిసినవాళ్ళం కూర్చుని ఆ మనిషి గురించి మాట్లాడుకుంటాం.

'రాకపోతే వాడినట్టే' అని రాసుకున్న ట్రయల్ సంగతి చెప్పాను కదా. అది ముగిసి, ఫైల్ లాక్ అయ్యాక, మూడో వారంలో మాయమైన ఒకాయన ఒకరోజు క్లినిక్ బయట ఎదురుపడ్డాడు. మనిషి ఒళ్ళు చేశాడు. ఎలా ఉన్నారంటే ఏడాదిగా చుక్క ముట్టలేదన్నాడు. "మరి రాలేదేమండీ, ఎన్ని ఫోన్లు చేశామో!" అన్నాను. ఆయన కాస్త ఇబ్బందిపడి, "మానేశాను కదమ్మా. మీకు కావలసింది తాగేవాళ్ళు కదా అనుకున్నాను" అన్నాడు.

ఫైల్‌లో ఆయన పేరు ఎదురుగా తొమ్మిది గళ్ళలో 'వాడినట్టు' అనే ఉంది. ముందే రిజిస్టర్ చేసిన సూత్రం, మార్చడానికి లేదు. మార్చలేదు. పేపర్‌లో టేబుల్ కింద ఒక వాక్యం కలిపాం, అంతే. అప్పట్నుంచి మా అపాయింట్‌మెంట్ చీటీ మీద అచ్చు వేసే మాట మారింది: 'వాడినా సరే, మానేసినా సరే, రండి.'